బావ చేతికి చేసిన తుపాకి

సికింద్రాబాదు ప్రయాణం గురించి రాయమని మిత్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. బావ బతికుండగా రాయడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు బావ లేడు కాబట్టి రాస్తున్నాను. చార్మినార్ గురించీ ముత్యాల గురించీ చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను అవేవీ చూడలేదు. నేను వెళ్ళింది ఒక తుపాకి తీసుకురావడానికి.

బావ అంటే మా అక్క భర్త. పోలవరం దాటాక కొండల కింద వాళ్ళకి కాస్త పొలం ఉంది. ఆయన ధ్యాస మాత్రం ఎప్పుడూ పొలం మీద కాదు, కొండ మీదే. ఏ జంతువు మనుషుల మీద పడినా కొండరెడ్లు వచ్చి పిలిచేది బావనే. అలా పిలిస్తే వెళ్ళినప్పుడే ఒక ఎలుగుబంటి ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొరుక్కుపోయింది. మిగిలినవి మూడు వేళ్ళు. ఆ మూడు వేళ్ళతో మీట నొక్కగలడు కానీ, ఒకసారి కాల్చాక మళ్ళీ తూటా ఎక్కించాలంటే చాలాసేపు పడుతుంది. అందుకని సికింద్రాబాదులో దేవదానంగారనే తుపాకుల మిస్త్రీకి పురమాయించాడు. ఎవరో దొర అమ్ముకుపోయిన అమెరికా వేటతుపాకి ఒకటి ఆయన దగ్గర ఉంది. ఒకటి పేలగానే తనంతట తానే ఇంకో తూటా ఎక్కించుకునే రకం. దానికి లావు గొట్టం వేసి, అడవిదున్నను ఆపగల పెద్ద తూటాకి సరిపోయేలా చేసి, చెక్కభాగమంతా బావ చేతికి కుదిరేలా చెక్కి ఇస్తానన్నాడు.

అది తయారైన రోజుల్లోనే రజాకార్ల గొడవలు ముదిరాయి. రైళ్ళు సరిగ్గా నడవలేదు. తరవాత పోలీసు యాక్షన్ వచ్చింది. ఈలోగా మా కొండల్లో ఎవడో చిల్లర తుపాకితో కాల్చి వదిలేసిన అడవిదున్న ఒకటి పిచ్చెత్తినట్టు తిరగడం మొదలుపెట్టింది. పోడు కొడుతున్న ఒక మనిషిని పొడిచి చంపింది. కట్టెలకి వెళ్ళిన ఒక ఆడమనిషినీ చంపింది. కొండరెడ్లు వచ్చి బావ అరుగు మీద కూర్చున్నారు. పుష్యమాసం వెళ్ళేలోగా వస్తానని బావ వాళ్ళకి మాటిచ్చాడు, కొత్త తుపాకి వచ్చినా రాకపోయినా.

"అది లేకుండా తిరిగి రాకు తమ్ముడూ" అంది అక్క. "ఈయన ఆ పాత ఒంటిగొట్టంతోనే పోతాడు. ఒక దెబ్బ కాలుస్తాడు. రెండోది ఎక్కించేలోగా అది మీద పడుతుంది. ఆయనకీ తెలుసు ఆ సంగతి."

పొలంలో కోతలు ఉన్నాయి, బావ కదలలేడు. నాకు స్కూలుకి క్రిస్మస్ సెలవులు. బావ లైసెన్సు కాగితమూ, దేవదానంగారికని అక్క ఇచ్చిన ఆవకాయ జాడీ పట్టుకుని బెజవాడలో సికింద్రాబాదు రైలెక్కాను.

రైల్లో

పెట్టెలో నా ఎదురుగా ఒక ముసలమ్మ, ఆమె కోడలు, మూటలు. రజాకార్ల భయంతో వరంగల్లు వైపు ఊరొదిలి బెజవాడ శిబిరంలో ఇన్నాళ్ళూ తలదాచుకుని ఇప్పుడు తిరిగి వెళ్తున్నారట. ఇల్లు ఉందో లేదో తెలియదు. అయినా ముసలమ్మ తన దగ్గరున్న సకినాలు తీసి నా చేతిలో పెట్టింది. నువ్వులూ వామూ వేసి బియ్యప్పిండితో చుట్టలు చుట్టి వేయిస్తారు. మన జంతికలకన్నా గట్టివి, రుచి మాత్రం వాటికే ఎక్కువ. తింటూ నేనెందుకు వెళ్తున్నానో చెప్పాను. తుపాకి మాట వినగానే ఆమె నమలడం ఆపేసింది.

"తుపాకులు మస్తు చూసినం బిడ్డా" అంది. "అటోళ్ళయి చూసినం, ఇటోళ్ళయి సుత చూసినం. ఇంకొకటి ఎందుకు తెస్తవు?"

దున్న సంగతి చెప్పాను. ఆమె విన్నది కానీ నమ్మినట్టు లేదు. ఆ తరవాత కాజీపేటలో దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. వాళ్ళు దిగేటప్పుడు మూట అందించబోతే కోడలు నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

అంతకుముందే సరిహద్దు దాటగానే నిజాం సుంకం వాళ్ళు పెట్టెలోకి వచ్చారు. కరోడ్‌గిరీ అంటారు అక్కడ. రాజ్యం పోయినా సుంకం పోలేదు. ఒకడు సన్నటి ఇనుపచువ్వతో మూటలన్నీ పొడుస్తూ వచ్చి నా సంచీ కూడా పొడిచాడు. జాడీ బీటవారి ఆవకాయ నూనె నా పంచె మీదా లాల్చీ మీదా కారింది. ఎంత దులిపినా, నీళ్ళు పోసినా పోలేదు. సికింద్రాబాదులో దిగేసరికి నన్ను చూసినవాళ్ళంతా ఎవరో కత్తితో పొడిచారనుకుని పక్కకి తప్పుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఎర్రమరక చూసి నవ్వే స్థితిలో ఎవరూ లేరు.

బోయిగూడ

స్టేషను బయట జట్కావాడు మన రూపాయి చూసి సంతోషించాడు. మన రూపాయిని అక్కడ కల్దారు అంటారు. వాళ్ళది హాలీ సిక్కా, విలువ కాస్త తక్కువ. చిల్లర వాళ్ళ నాణేల్లో ఇస్తారు, దాంతో ఎవరెంత పుచ్చుకున్నారో కొత్తవాడికి తెలియదు. నేను లెక్కలు చెప్పే పంతుల్ని. అయినా జట్కా దిగాక నా చేతిలో ఉన్నది ఎంతో నాకే అర్థం కాలేదు.

బోయిగూడ సందుల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. గుమ్మాలకి రంగుకాగితాల నక్షత్రాలు కట్టి ఉన్నవి క్రైస్తవుల ఇళ్ళు. దేవదానంగారి ఇంటికీ ఒక నక్షత్రం ఉంది. ఆయన డెబ్బై దాటిన మనిషి, సన్నగా నిటారుగా ఉంటాడు. తెల్లదొరల పటాలంలో తుపాకులు బాగుచేసి పెన్షను పుచ్చుకున్నవాడు, చర్చిలో పెద్ద. నా బట్టలు చూసి కంగారుపడ్డాడు. ఆవకాయ అని తెలిశాక ఆయన భార్య సుగుణమ్మగారు పగిలిన జాడీలోంచి మిగిలింది జాగ్రత్తగా గిన్నెలోకి తీసుకుంది. నేను లాడ్జిలో దిగుతానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఆవేళ ఆదివారం. బగారన్నం, చుక్కకూర వేసిన మాంసం పెట్టారు. మనం పులుపుకి గోంగూర అంటాం, వాళ్ళకి చుక్కకూరే ముద్దు. తరవాత గులాబీ పువ్వులని అచ్చులతో వేయించిన తీపి రేకులు పెట్టారు. తిన్నంతసేపూ ఆయన బావ గురించే అడిగాడు. చెయ్యి ఎట్లున్నది, తిమ్మిరి గిట్ల వస్తదా అని. తుపాకి ఊసెత్తలేదు. చివరికి నేనే అడిగాను.

"ఠాణాల జమచేసిన, పంతులుగారు" అన్నాడు.

పోలీసు యాక్షన్ అయ్యాక ఇళ్ళలో ఉన్న ఆయుధాలన్నీ అప్పగించాలని చాటింపు వేశారట. బస్తీలో చాలామంది బావుల్లో పడేశారు, గోడల్లో పెట్టి సున్నం కొట్టారు, గోతులు తీసి పాతిపెట్టారు. దేవదానంగారు మాత్రం బావ తుపాకిని శుభ్రంగా తుడిచి, నూనె పట్టించి, సుగుణమ్మగారి పాతచీరలో చుట్టి తనే తీసుకెళ్ళి అప్పగించి వచ్చాడు. "చర్చిల పెద్దను. అబద్ధమాడి మళ్ళ ఆదివారం అందరి ముందట ఎట్ల నిలబడుత?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అంతకుముందే, రైళ్ళు ఇంకా నడుస్తుండగానే, బావ తన నమ్మకస్తుడైన కలప వ్యాపారిని ఈయన దగ్గరికి పంపాడు. ఈయన తుపాకి ఇవ్వలేదు. ఈయనకో పద్ధతి ఉంది. ఎవరి కోసం చేశాడో ఆ మనిషే రావాలి. వస్తే ఊరవతలకి తీసుకెళ్ళి, ప్రార్థన చేసి, తన ముందు కాల్పించి, ఎక్కడైనా ఒరుసుకుంటే అక్కడికక్కడే గీకి సరిచేసి అప్పుడు చేతికిస్తాడు. ఇంకొకరి చేతికివ్వడం ఆయన వృత్తిలో ఎన్నడూ జరగలేదట. కలప వ్యాపారి బతిమాలి బతిమాలి ఉత్తచేతులతో వచ్చాడు. ఇంటిమనిషికైనా ఇవ్వకపోతాడా అనే ఈసారి నన్ను పంపారు. ఆ ఒక్కసారి పద్ధతి తప్పి ఉంటే ఆ తుపాకి ఎప్పుడో బావ ఇంట్లో ఉండేది. ఈ మాట పైకి అనేశాను కూడా.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "కాళ్ళకు చెప్పులు కుట్టినట్టె చేతికి తుపాకి. వేరేటోనికి ఎట్లిస్తం?" అని ఊరుకున్నాడు. బావ చేతి కోసం ఆయనేం చేశాడో సుగుణమ్మగారు చెప్పింది. మెత్తటి మైనపుముద్దని బావ చేత గట్టిగా పిసికించి, ఆ మూడు వేళ్ళ ముద్ర చూసుకుంటూ అక్రోటు చెక్కని నెలల తరబడి చెక్కాడట. బొటనవేలు లేనందువల్ల తుపాకి జారకుండా, ఆ వేలు ఉండాల్సిన చోట అరచేతికి ఆనేటట్టు చెక్కలోనే ఒక బుడిపె తీశాడట. ఇది విన్నాక నాకు కోపం తగ్గలేదు కానీ ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

ఠాణా

లైసెన్సు ఉంది కాబట్టి అడిగితే ఇస్తారని నా నమ్మకం. మర్నాడు పొద్దున లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత వినబడగానే ఇద్దరం బయల్దేరాం. ఆ కూతతోనే ఆ చుట్టుపక్కల పొయ్యిలు వెలుగుతాయి, మగవాళ్ళు టిఫిన్ డబ్బాలతో రోడ్డెక్కుతారు. దారి పొడుగునా దేవదానంగారు నాకు నాలుగడుగులు వెనకే నడిచాడు. చలికి అనుకున్నాను.

ఠాణా వెనక రేకులషెడ్డులో ఆయుధాలు గుట్టగా పోసి ఉన్నాయి. తుప్పుపట్టిన నాటుతుపాకులు, అరబ్బులు నడుముకి దోపుకునే జంబియా బాకులు, పెళ్ళికొడుకులు పట్టుకునే కత్తులు. భయానికి ఎవరో నాటకాల్లో వాడే చెక్కకత్తి కూడా తెచ్చి ఇచ్చిపోయారు, దాని మీద వెండిరంగు ఇంకా మెరుస్తోంది. పిల్లలు పిట్టల్ని కొట్టే గాలితుపాకి కూడా ఉంది. కొత్త సర్కారు వచ్చినా కుర్చీలో ఉన్న జమాదారు పాతవాడే. మర్యాదస్థుడు. నా లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, వెతుక్కోండి, ఉంటే పెద్దవాళ్ళని అడిగి ఇప్పిస్తానన్నాడు. నేను పంచె ఎగ్గట్టి ఆ గుట్టంతా తిరగేశాను. చేతులు తుప్పుతో ఎర్రబడ్డాయి. దేవదానంగారు షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు.

నాకు అలుపొచ్చాక జమాదారు ఉర్దూలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదని తెలిసి తెలుగులో చెప్పాడు. "పనికొచ్చేటియి ఈడెందుకుంటయి సాబ్? సాబులొచ్చి చూసుకున్నరు. ఇవన్ని కొలిమికి పొయ్యేటియి."

ఇరానీ హోటల్

తిరిగి వస్తూ స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మన కాఫీహోటళ్ళలో బ్రాహ్మలకని వేరే గది ఉంటుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. ఒకే పాలరాతి బల్ల దగ్గర తురకలూ క్రైస్తవులూ మార్వాడీలూ మోచేతులు తగిలేలా కూర్చుని తాగుతున్నారు. అణాకి చిక్కటి టీ, తినడానికి తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్లు. రాజ్యం పడిపోయి మూణ్ణెల్లు దాటినా గోడ మీద నిజాం బొమ్మ అలాగే ఉంది. ఏ బల్ల దగ్గరా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

దేవదానంగారు టీ సాసరులో పోసుకున్నాడు. తాగలేదు. చల్లారిపోయింది.

"పంతులుగారు, ఆ తుపాకి యాడున్నదో నాకెర్కనే" అన్నాడు. "ఒక పెద్ద సాబు తీస్కపోయిండు. అంతటితోని అయిపోలే. నన్ను బంగళకు పిలిపించిండు. చేతుల సక్కగ కూసుంటలేదు, సరిజెయ్యమన్నడు. నా దుకాణం లైసెన్సు మీద ఆయన దస్కతే పడాలె. ఆ బుడిపె నేనే తీసేసిన. నా చేతులతోని తీసేసిన."

నేనేమన్నానో నాకు గుర్తులేదు. మంచి మాట అయితే కాదు. ఆయన తల వంచుకుని విన్నాడు. నిన్ననే ఎందుకు చెప్పలేదంటే, ఠాణాలో ఏదో ఒకటి చెప్పి నన్ను తిప్పి పంపేస్తారని, తన నోటితో చెప్పాల్సిన అవసరం రాదని ఆశపడ్డాడట. చట్టానికి భయపడి అప్పగించాడు, పద్ధతి కోసం కలప వ్యాపారిని తిప్పి పంపాడు, చివరికి ఆ పద్ధతి ప్రకారమే, ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతికి కుదిర్చి ఇచ్చాడు. ఆయన్ని తిట్టాలో జాలిపడాలో ఈ రోజుకీ నాకు తేలలేదు.

మారేడుపల్లి బంగళా

బంగళా అడ్రసు ఆయనే చెప్పాడు, తను మాత్రం రానన్నాడు. మర్నాడు ఉతికిన బట్టలు కట్టుకుని ఒక్కడినే వెళ్ళాను. ఆ అధికారి పేరు రాయను. రాసినా ప్రయోజనం లేదు. మన జిల్లాలవాడే, మన తెలుగే. యాక్షన్ తరవాత అక్కడికి వేసిన ఉద్యోగుల్లో ఒకడు. మాది ఏ ఊరో చెప్పగానే మా హెడ్మాస్టరుగారు తన మేనత్త వైపు బంధువని గుర్తుపట్టాడు. ఇక్కడ మంచి కాఫీ దొరకదండీ, గింజలు బెజవాడనుంచే తెప్పించుకుంటున్నానని కాఫీ ఇప్పించాడు. నిజంగానే మంచి కాఫీ.

హాల్లో దుప్పితల కింద రెండు కొయ్యల మీద తుపాకి పెట్టి ఉంది. నేను చూస్తుంటే ఆయనే తీసి నా చేతికిచ్చాడు. లావు గొట్టం, నల్లగా మెరిసే ఇనుము, తేనెరంగు చెక్క. అరచెయ్యి ఆనేచోట మాత్రం అరంగుళం మేర చెక్క కొత్తగా, పాలిపోయినట్టుగా ఉంది. మీద రంగు పూశారు కానీ కలవలేదు.

"ఎవరో తిక్కమనిషి అక్కడో బుడిపె పెట్టాడండీ" అన్నాడాయన నవ్వుతూ. "ఎందుకో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తీయించేశాను."

"మా బావకి ఆ చేతికి బొటనవేలు లేదండి" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. సంగతంతా విన్నాడు. సిగ్గుపడ్డాడనే చెప్పాలి, కాసేపు. తరవాత చట్టం చెప్పాడు. అప్పగించిన ఆయుధాలు సర్కారువి. సర్కారు కట్టిన ఖరీదు తను చెల్లించాడు. పైగా మద్రాసు లైసెన్సు ఈ రాజ్యంలో చెల్లదు. అడగాల్సినవాళ్ళు అప్పుడే వచ్చి అడగాల్సింది. ఒక్కొక్క మాటా సరైనదే. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తుపాకి నా ఒళ్ళోనే ఉంది, దాన్ని ఆయనకి తిరిగి ఇచ్చింది కూడా నేనే.

గుమ్మం దాకా వచ్చి ఆగాను. పుష్యమాసం వచ్చేస్తోంది. ఆ తుపాకి బావ చేతికి రాదు. కానీ ఆ తుపాకి కొండ మీదికి వస్తే బావ ఒంటిగొట్టంతో వెళ్ళక్కర్లేదు. వెనక్కి తిరిగి, దున్న సంగతి చెప్పి, మీరొచ్చి దాన్ని కాల్చి పుణ్యం కట్టుకోండి అని దణ్ణం పెట్టాను. నా జీవితంలో అంత చేదుగా ఎవరికీ దణ్ణం పెట్టలేదు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "దున్నా? ఎంత ఎత్తుంటుంది?" అన్నాడు.

ఒక్కటే కోరాను. ఆ తుపాకి ఎవరిదో మా ఇంట్లో తెలియనివ్వద్దని. తెలిస్తే బావ అన్నం ముట్టడు, ఈ అధికారిని కొండెక్కనివ్వడు, పాత ఒంటిగొట్టమే పట్టుకుని పోతాడు. దానికేముందండీ, అలాగే అన్నాడు. పెద్దమనిషి, ఆ మాట నిలబెట్టుకున్నాడు.

ఇంటికి

స్టేషనుకి దేవదానంగారు వచ్చాడు. సుగుణమ్మగారు అక్కకని ఇచ్చిన గులాబీ పువ్వుల డబ్బా నా పక్కన పెట్టి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. నన్ను మాఫీ చెయ్యమన్నానని మీ బావకు చెప్పండి అన్నాడు. నేను చెప్పలేదు. ఏమని చెప్పను?

ఇంటికొచ్చి, తుపాకి ఠాణాలో పడి కొలిమికి పోయిందని చెప్పాను. అక్క ఏడ్చింది. బావ కాసేపు తన చేతివైపు చూసుకుని, "సరేలే పంతులూ, వేళ్ళు పోయిన దారినే అదీ పోయింది" అన్నాడు. మర్నాడే ఒంటిగొట్టం తీసి నూనె రాయడం మొదలుపెట్టాడు. సికింద్రాబాదునుంచి ఒక పెద్ద వేటగాడు వస్తున్నాడు, ఆగమని నేను రోజూ పోట్లాడాను. పుష్యం నడిమధ్యలో ఆ అధికారి జీపులో దిగాడు, వంటవాడితో, డేరాలతో.

బావ దారి చూపించాడు. కొండరెడ్లు డప్పులు కొట్టి తోలారు. నిట్టెక్కుడు దగ్గర ఆయాసపడి అధికారి తుపాకి బావకిచ్చాడు. పైదాకా బావే మోశాడు. రాతిబండ దగ్గర ఒకసారి ఆగి భుజానికి ఎత్తి చూసుకుని, తిరిగి అధికారి చేతికిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

దున్న వెదురుపొదల్లోంచి వచ్చింది. మొదటి తూటా భుజంలో తగిలినా ఆగలేదు, నేరుగా మా మీదికే వచ్చింది. రెండోది, మూడోది వెంటవెంటనే పేలాయి. మాకు పది బారల దూరంలో ముందుకాళ్ళ మీద కూలింది. బావ చేతిలో ఒంటిగొట్టం ఉండి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ అర్థమైంది. అధికారి దాని మెడ మీద కాలు పెట్టి ఫొటో తీయించుకున్నాడు. కొండరెడ్లు ఆయనకి అడవిపూల దండ వేశారు. ఫొటోలో బావ కూడా ఉన్నాడు, చివర్న, సగం.

తిరిగొచ్చేటప్పుడు బండిలో బావ తన కుడిచేతి మూడు వేళ్ళూ ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. ఏరు దాటాక నా వైపు తిరిగాడు.

"దివ్యమైన తుపాకి పంతులూ. మడమ అచ్చంగా నా భుజానికి చేసినట్టే కూర్చుంది. చెయ్యి ఒక్కటే నిలవలేదు" అన్నాడు. "దేవదానం మనదీ ఇలాగే చేసి ఉంటాడు, పాపం. ఇంతకన్నా బాగానే చేసి ఉంటాడు."

అవును బావా అన్నాను.